మూగజీవాల తరఫున పార్లమెంటులో నిలబడిన రుక్మిణీదేవి

రుక్మిణీదేవి అరండేల్ పేరు వినగానే మనకు గుర్తొచ్చేవి భరతనాట్యం, కళాక్షేత్రం. ఇవాళ మన ఆడపిల్లలు గజ్జెలు కట్టుకుని స్కూలు వార్షికోత్సవంలో వేదిక ఎక్కుతున్నారంటే, చూసి మనం మురిసిపోతున్నామంటే, ఆ దారి వేసిన వాళ్ళలో ఆవిడ ఒకరు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. గేటు దగ్గర గొలుసుతో కట్టేసిన కుక్క కోసం, ఎండలో బరువు లాగే ఎద్దు కోసం, ఇరుకు బోనులో మగ్గే జంతువు కోసం ఆవిడ పార్లమెంటులో నిలబడి పోరాడారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నాట్యం కోసం ఆవిడ ఎంత శ్రమపడ్డారో, నోరులేని జీవాల కోసమూ అంతే శ్రమపడ్డారు.

అడయారు తోటలో పెరిగిన పిల్ల

రుక్మిణి 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజు! తండ్రి నీలకంఠశాస్త్రి పబ్లిక్ వర్క్స్ శాఖలో ఇంజనీరు, సంస్కృతం బాగా చదువుకున్న మనిషి. తల్లి శేషమ్మాళ్‌కి సంగీతమంటే ప్రాణం. త్యాగరాజస్వామి నడయాడిన తిరువయ్యారు ఆమెది. తండ్రి ఉద్యోగరీత్యా ఊళ్ళు మారుతూ వచ్చిన ఆ కుటుంబం చివరికి మద్రాసులో, అడయారు దివ్యజ్ఞాన సమాజానికి దగ్గర్లో స్థిరపడింది.

ఆ సమాజానికి అప్పుడు అనీబిసెంట్ పెద్దదిక్కు. పెద్ద మర్రిచెట్టు, చెట్ల నీడలు, దేశదేశాల నుంచి వచ్చే మనుషులు, వాళ్ళ చర్చలు... వీటన్నిటి మధ్య రుక్మిణి పెరిగారు. సాటి మనిషినే కాదు, ప్రాణమున్న ప్రతిదాన్నీ గౌరవించాలన్న మాట అక్కడ రోజూ వినపడేది. శాకాహారం ఇంట్లో ఉన్నదే. దానికి ఒక ఆలోచన తోడైంది అక్కడ.

అక్కడే ఆమెకు జార్జ్ అరండేల్ పరిచయమయ్యారు. ఇంగ్లండు మనిషి. కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు. ఆమెకంటే 25 ఏళ్ళు పెద్ద. 1920లో బొంబాయిలో వాళ్ళ పెళ్ళి జరిగింది. పదహారేళ్ళ బ్రాహ్మణ పిల్ల తెల్లదొరను చేసుకోవడమేమిటని మద్రాసు అంతా గగ్గోలు. పత్రికలకీ, అరుగుల మీద కబుర్లకీ కొన్నాళ్ళపాటు అదే మేత. నలుగురూ నాలుగు మాటలన్నా తను అనుకున్న దారిన నడవడం అంత చిన్న వయసులోనే ఆవిడకి అలవాటైపోయింది. తర్వాత ఆ అలవాటు చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఓడ ప్రయాణం మలుపు తిప్పింది

పెళ్ళయ్యాక భర్తతో కలిసి దేశదేశాలు తిరిగారు. 1928లో బొంబాయిలో ప్రఖ్యాత రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా నాట్యం చూశారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళే ఓడలో ఇద్దరూ కలిసే ప్రయాణించారు. స్నేహం కుదిరింది. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణి బాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. మీ దేశపు నాట్యం సంగతి కూడా చూసుకోమని ఆమెకు సలహా ఇచ్చింది పావ్లోవాయే.

1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో సదిరాట చూశాక ఆ సలహా మనసులో నాటుకుంది. మైలాపూర్ గౌరీఅమ్మాళ్ దగ్గర, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గర నేర్చుకున్నారు. అప్పటికే ముప్పై ఏళ్ళు. పెద్దింటి ఆడవాళ్ళు గజ్జె కట్టడమా అని ముక్కున వేలేసుకునే రోజులు. 1935 డిసెంబరులో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో ఆవిడ వేదిక ఎక్కారు. మర్నాటి నుంచీ మళ్ళీ నలుగురి నోళ్ళలో నానారు. కొద్ది రోజులకే, 1936 జనవరిలో, కళాక్షేత్రం మొదలైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడినవాళ్ళు దేవదాసీ కుటుంబాల స్త్రీలు. తమ కళను పెద్ద కులాల వాళ్ళు తీసుకుని, శృంగారాన్ని పక్కకు నెట్టి మార్చేశారన్న బాధ వాళ్ళలో ఉంది. మహానర్తకి బాలసరస్వతి ఈ విషయంలో రుక్మిణీదేవితో విభేదించారు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. రుక్మిణీదేవి జీవితం చెప్పుకునేటప్పుడు అది దాటవేయడం న్యాయం కాదు.

కళాక్షేత్రానికి మన తెలుగుతోనూ గట్టి సంబంధమే ఉంది. తంజావూరు దగ్గర మెలట్టూరు భాగవతమేళా నాటకాలు తెలుగులో ఉన్నవే. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ఉషాపరిణయం, రుక్మాంగద చరిత్ర వంటి వాటిని ఆవిడ కళాక్షేత్రంలో వేయించారు. ఆరు భాగాల రామాయణ నృత్యనాటకాల్లో చాలావాటికి స్వరాలు కట్టినది మైసూరు వాసుదేవాచార్యులు. తెలుగులో, సంస్కృతంలో చక్కని కృతులు రాసిన వాగ్గేయకారుడాయన.

1945లో భర్త పోయారు. ఆవిడకప్పుడు 41 ఏళ్ళు. పిల్లలు లేరు. కళాక్షేత్రమే సంసారం. డబ్బుకి ఇబ్బందులు, ఉన్న చోటు ఖాళీ చేయాల్సి రావడం, తిరువాన్మియూరులో సుమారు 100 ఎకరాల్లో మళ్ళీ మొదటి నుంచి చెట్లు నాటుకుంటూ రావడం... ఈ పనులే ఏ మనిషికైనా ఒక జన్మకి సరిపోతాయి. ఆవిడ దానికి ఇంకో బరువు జోడించుకున్నారు.

పన్నెండుమందిలో ఒకే ఒక్క స్త్రీ

1952లో రాజ్యసభ కొత్తగా ఏర్పడింది. రాష్ట్రపతి నామినేట్ చేసిన 12 మంది సభ్యుల్లో శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి ఉద్దండులున్నారు. ఆ 12 మందిలో స్త్రీ ఒక్కరే, రుక్మిణీదేవి. సభకు అధ్యక్షులు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్.

నాట్యం చేసే మనిషి కదా, కళల గురించి మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. ఆవిడ తెచ్చింది జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే బిల్లు.

అంతకు ముందు చట్టం లేదా అంటే, ఉంది. 1890లో తెల్లవాళ్ళు చేసింది. అది మునిసిపాలిటీల హద్దుల్లోనే పనిచేసేది. పల్లెలో ఎద్దుని చావబాదినా అడిగే దిక్కు లేదు. పెంపుడు జంతువులకీ, పట్టి తెచ్చినవాటికీ తప్ప మిగతా వాటికి ఆ చట్టంలో చోటే లేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నోరులేని వాటికి మాత్రం పాత రోజులే.

ఇక్కడ మనం ఒకసారి ఆ కాలాన్ని ఊహించుకోవాలి. దేశం రెండుగా చీలి ఐదారేళ్ళే అయింది. తిండిగింజల కొరత. కాందిశీకుల సమస్య. మనుషులకే దిక్కులేదంటే మధ్యలో కుక్కలూ కోతులూ ఏమిటన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఈ మాట ఇవాళ కూడా వింటూనే ఉంటాం. రుక్మిణీదేవి దృష్టిలో ఇవి రెండు వేర్వేరు విషయాలు కావు. బలహీనమైన దాన్ని హింసించడం అలవాటైన చెయ్యి జంతువు దగ్గరే ఆగదని ఆవిడ నమ్మకం. మనకి తెలియనిదా! గొడ్డుని బాదే మనిషి ఇంట్లో పిల్లల్నీ, పెళ్ళాన్నీ ఎలా చూస్తాడో ఇరుగుపొరుగుకి తెలుస్తూనే ఉంటుంది.

నెహ్రూ మాట, ఆవిడ నిర్ణయం

1954లో బిల్లు మీద రాజ్యసభలో చర్చ జరిగింది. ప్రధాని నెహ్రూ స్వయంగా మాట్లాడారు. ఆవిడ ఉద్దేశాన్ని మెచ్చుకున్నారు. అయితే బిల్లు పరిధి చాలా పెద్దదనీ, ప్రభుత్వమే కమిటీ వేసి అన్నీ పరిశీలించి చట్టం తెస్తుందనీ, అందువల్ల దీన్ని వెనక్కి తీసుకోమనీ కోరారు.

ఎంత చిక్కు పరిస్థితో చూడండి. ప్రభుత్వం ఒప్పుకోకపోతే ఒక సభ్యురాలి సొంత బిల్లు నెగ్గడం కల్ల. పట్టుబట్టి ఓటింగు అడిగితే ఓడిపోతుంది, మూగజీవాలకు ఏమీ మిగలదు. వెనక్కి తీసుకుంటే కమిటీ పేరుతో ఏళ్ళూ పూళ్ళూ గడిచిపోవచ్చు, అసలుకే మరుగున పడవచ్చు. ఆవిడ నెహ్రూ మాట నమ్మారు. బిల్లు ఉపసంహరించుకున్నారు.

కమిటీ వేశారు. నివేదిక వచ్చింది. రోజులు గడిచాయి. ఆవిడ ఊరుకోలేదు. 1956లో రెండోసారి రాజ్యసభకు నామినేట్ అయ్యారు, వెంటపడుతూనే ఉన్నారు. చివరికి 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. బిల్లు వెనక్కి తీసుకున్న ఆరేళ్ళకి!

ఆవిడ కోరుకున్నదంతా అందులో రాలేదు. మతాచారం ప్రకారం చేసే వధకి మినహాయింపు ఇచ్చారు. పరిశోధనల కోసం జంతువుల మీద ప్రయోగాలు చేయవచ్చన్నారు, పర్యవేక్షణకి ఒక కమిటీ ఉంటుందన్నారు. అయినా చట్టం జమ్మూకాశ్మీర్ తప్ప దేశమంతటికీ వర్తించింది. పల్లె, పట్నం తేడా లేదు. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ దాని కిందికి వచ్చింది. కొట్టడం, తన్నడం, మోయలేని బరువు వేయడం, పుండ్లతో కుంటుతున్నదాన్ని పనికి తోలడం, కదలడానికి చోటు లేని బోనులో పెట్టడం, తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం, పెంచుకున్నదాన్ని కారణం లేకుండా వదిలేయడం... ఇవన్నీ నేరాలయ్యాయి.

అదే చట్టం కింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి. మండలి కార్యాలయం మద్రాసులో పెట్టారు, 2018 దాకా అక్కడే ఉంది. పొద్దున నాట్యం పాఠాలు, సాయంత్రం సభలు, మధ్యలో మండలి ఫైళ్ళు. అలా సాగింది ఆవిడ దినచర్య. బరువు లాగే జంతువుల కోసం 1965లో నియమాలొచ్చాయి. రోజుకి తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా ఐదు గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. రోహిణికార్తె ఎండలు తెలిసిన మనకి ఈ నియమం విలువ వేరే చెప్పాలా?

ప్రయోగశాలల కోసం మన కోతుల్ని పెట్టెల్లో కుక్కి విదేశాలకు పంపే వ్యాపారం కూడా ఆ రోజుల్లో జోరుగా సాగేది. దారిలోనే ఎన్నో చచ్చిపోయేవి. 1978లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. ఆ ఆపిన ప్రభుత్వానికి ప్రధాని మొరార్జీ దేశాయ్.

రాష్ట్రపతి పదవి వద్దన్న మనిషి

ఆ మొరార్జీయే అంతకు ముందు సంవత్సరం, 1977లో, రుక్మిణీదేవిని రాష్ట్రపతిగా ఉండమని అడిగారు. ఒప్పుకుని ఉంటే ఈ దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి కోసం 2007 దాకా ఆగాల్సిన పని ఉండేది కాదేమో. ఆవిడ సున్నితంగా కాదన్నారు. ఆ తర్వాత మన అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. రుక్మిణీదేవి మాత్రం కళాక్షేత్రం చెట్ల నీడలోనే ఉండిపోయారు.

1956లో పద్మభూషణ్, 1957లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1968లో ప్రాణిమిత్ర బిరుదు వచ్చాయి. 1986 ఫిబ్రవరి 24న ఆవిడ కన్నుమూశారు. 82 ఏళ్ళు నిండడానికి ఇంకా కొన్ని రోజులే ఉంది. 1993లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది.

నాట్యం నేర్పిన చోట జాలి కూడా నేర్పారేమో అనిపించే సంగతి ఇంకోటుంది. కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకున్న ఒక అమ్మాయి తర్వాత సినిమాల్లోకి వచ్చి, మన తెలుగింటి కోడలై, 1992లో హైదరాబాదులో బ్లూక్రాస్ సంస్థ స్థాపించడంలో ముందు నిలిచారు. ఆవిడ ఎవరో మీకు తెలుసు, అక్కినేని అమల.

చట్టం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది

ఒకప్పుడు వీధిలో డప్పు చప్పుడు వినపడితే పిల్లలు పరుగెత్తేవాళ్ళు. ముక్కుకి తాడు వేసిన ఎలుగుబంటి, గౌను తొడిగిన కోతి. సర్కస్ వచ్చిందంటే సింహం, పులి ఉండాల్సిందే. ఇప్పుడు అవి కనపడవు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించకూడదని 1998లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుకి మూలం ఆ 1960 చట్టమే. సర్కస్ వాళ్ళు కోర్టుకెళ్ళినా 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. అయితే ఆ జంతువుల మీదే బతికిన పేద కుటుంబాలకి వేరే దారి చూపడం కూడా అంతే ముఖ్యం. అది మరిచిపోతే జాలి సగమే అవుతుంది.

ఏటా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందాల గొడవ మొదలవుతుంది కదా. అప్పుడు పోలీసులూ కోర్టులూ ఎత్తి చూపేవాటిలో ఈ చట్టం ఒకటి. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం ఇందులో నేరం. వీధి కుక్కల్ని పట్టుకుని చంపకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించాలన్న 2001 నాటి నియమాలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నియమాలు కూడా ఈ చెట్టు కొమ్మలే.

మరి లోటు ఎక్కడుంది? జరిమానాలో. మొదటి తప్పుకి పది రూపాయల నుంచి యాభై రూపాయలు! 1960లో యాభై రూపాయలంటే చిన్న ఉద్యోగికి లెక్కలోకి వచ్చే డబ్బే. ఇవాళ ఒక పూట టిఫిన్‌కి కూడా చాలదు. మార్చాలని చాలాకాలంగా మాటలు నడుస్తున్నా ఆ అంకె అలాగే ఉంది. పోరాడి తెచ్చిన చట్టం పదును తగ్గకుండా చూసుకోవాల్సింది తర్వాతి వాళ్ళే మరి.

మన గుమ్మం దగ్గర

కోర్టుల సంగతి అలా ఉంచి, మనింటి వైపు ఒకసారి చూద్దాం. దొంగల భయానికి కుక్కని తెచ్చుకుంటాం. గేటు పక్కన రెండడుగుల గొలుసుతో కట్టేస్తాం. పొద్దస్తమానం అక్కడే. అలా ఎప్పుడూ పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచడం, తిప్పడానికి తీసుకెళ్ళకపోవడం ఈ చట్టం ప్రకారం తప్పు. అది మనకీ మంచిది కాదు. కట్టేసి ఉంచిన కుక్క చిరాకుపడి, భయపడి, దగ్గరకొచ్చిన పసిపిల్లని కరిచే ప్రమాదం ఎక్కువ. రోజూ రెండు పూటలా కాసేపు తిప్పితే దాని కోపం సగం తగ్గుతుంది. ఏటా రేబిస్ టీకా వేయించడం మరవకూడదు. ఇంట్లో దైనా, వీధిలో దైనా కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడగాలి. పసుపులూ కారాలూ పెట్టకుండా అదేరోజు ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

రామచిలకని పంజరంలో పెట్టుకోవడం చాలా ఇళ్ళలో ముచ్చట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకల్ని అసలు పెంచుకోకూడదు.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. కుక్కపిల్ల తోకకి టపాసు కట్టి, పిల్లిని భయపెట్టి వీడియో తీసి, నలుగురికీ పంపి నవ్వుకునే పిల్లలున్నారు. చూసి మనం కూడా నవ్వి ఊరుకుంటే అది తప్పని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? పసివాణ్ణి కుక్క మెడకి వేళ్ళాడదీసి ఫొటో తీయబోతాం. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, పిల్లలకి పాలిచ్చేటప్పుడు దాని జోలికి వెళ్ళకూడదని పిల్లలకి చెప్పడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. ఒళ్ళు బిగబట్టి, చూపు తిప్పుకుని, మూతి నాక్కుంటోందంటే దానికి ఇష్టం లేదని అర్థం. కెమెరా పక్కన పెట్టి పిల్లవాణ్ణి ఇవతలికి తీసుకోవాలి.

రుక్మిణీదేవి పేరు చెప్పుకుని మన పిల్లకి అడుగులు నేర్పిస్తున్నాం. పనిలో పనిగా గేటు దగ్గర గొలుసు కూడా ఓసారి విప్పి చూద్దాం. మెడ దగ్గర వెంట్రుకలు ఊడి పుండు పడిందేమో, గిన్నెలో నీళ్ళు ఉన్నాయో ఎండిపోయాయో.